అండమాన్‌లో గాలి లేస్తే మన చెరువు కట్ట చూసుకోవాలి

అనుమసముద్రంపేట మండల రైతులకు, చెరువు దిగువన ఇళ్లున్నవాళ్లకు, దర్గా వీధి వ్యాపారులకు, పంచాయతీ పెద్దలకు మనవి.

"దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది." అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈ మాట ఏటా వింటూనే ఉంటాం. విని, ఆరబోసిన మినుముల మీద పట్ట కప్పి, మళ్లీ పనిలో పడిపోతాం. అది అండమాన్ వాళ్ల గొడవ, కాదంటే కృష్ణపట్నం, జువ్వలదిన్నె మత్స్యకారుల గొడవ, మెట్టోళ్లం మనకేంటి అని ధీమా.

ఈ ధీమా ఎంత పుచ్చిందో 1989లోనే తెలిసి ఉండాల్సింది. ఆ ఏడు 'గే' తుపాను థాయ్‌లాండ్‌ను దాటి, అండమాన్ దీవుల మీదుగా బంగాళాఖాతంలోకి వచ్చి, నవంబరు 8, 9 తేదీల మధ్య రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. దాటి అక్కడే ఆగలేదు, మహారాష్ట్ర దాకా పోయింది. కావలి మనకెంత దూరం? పొద్దున బస్సెక్కితే పని చూసుకుని సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. తుపానుకు అంతసేపు కూడా అక్కర్లేదు. దీవుల మీద కమ్మిన ప్రతి తుపానూ మనదాకా రాదు, నిజమే. 2013 నవంబరులో 'లెహర్' అండమాన్‌ను దాటి వచ్చి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా నీరసించింది. అయితే వాయుగుండమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటిన దానికి పేరు కూడా లేదు, ఉత్త వాయుగుండం. అదే రోజు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మన పక్కనున్న సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పెన్నలోకి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి.

తీరంలో తుపానంటే గాలి, ఉప్పెన. మన దగ్గర తుపానంటే కట్ట, కలుజు, వాగు. మబ్బు పోయి వెలిగొండలకు తగిలి కురిసిందంటే ఆ నీళ్లన్నీ బొగ్గేరుకు, బీరాపేరుకు, పేరు కూడా లేని వంకలకు దిగాల్సిందే. అటు చప్టా మునిగి, ఇటు చప్టా మునిగితే మధ్యలో ఊరు ఏమవుతుంది? దీవి అవుతుంది. కానుపు నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆత్మకూరు తీసుకుపోవడానికి దారి ఉండదు. అండమాన్‌లో దీవులుంటే మనకు దీవులు లేవని ఎవరన్నారు?

పాతవాళ్లు పెద్ద చెరువును సముద్రమన్నారు, సాగరమన్నారు. అనుమసముద్రం, అనంతసాగరం అని ఊళ్ల పేర్లలోనే పెట్టుకున్నారు. పేరులో సముద్రం పెట్టుకుని సముద్రం మనకు దూరమనుకుంటే ఎట్లా?

మా చెరువు కట్ట మీద ఒక వానరాత్రి నాకు బాగా గుర్తు. టార్చిలైటు వెలుగులో కట్ట వెనకవైపు ఎండ్రకాయల బొక్కలోంచి చిటికెన వేలంత ధార వస్తా ఉంది. మాతో వచ్చిన పెద్దాయన ఆ నీళ్లు దోసిట్లో పట్టి లైటు కింద చూశాడు. "అబ్బయా, తేటగా వస్తే తెల్లారిందాకా కాపలా కాయి. ఎర్రగా వస్తే ఇప్పుడే పోయి ఊరిని లేపు" అన్నాడు. బురద నీళ్లు వస్తున్నాయంటే కట్ట లోపల మట్టి కరిగిపోతున్నట్టు. ఆ రాత్రి తేటగానే వచ్చింది. అయినా ఇసుక బస్తాల కోసం ఇల్లిల్లూ తిరిగితే దొరికినవి పదకొండు యూరియా గోతాలు. ఇసుక ఒక్క తట్ట కూడా లేదు.

మన తప్పు కూడా చెప్పుకుందాం. నాలుగు రోజులు ఎక్కువ నీళ్లు నిలుస్తాయని కలుజు మీద బస్తాలు పేర్చేది మనమే. కలుజు కాలవలో కంప మొలిస్తే మేకలకు నీడలే అని ఊరుకునేదీ మనమే. చెరువు నిండినప్పుడు నీళ్లకు ఆ దారి లేకపోతే కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే గండి పడడానికి ఎంతోసేపు పట్టదు.

వాతావరణ శాఖ తుపాను గురించి నాలుగు దశల్లో చెబుతుంది. మొదటి మూడూ ముఖ్యంగా తీరం కోసం. నాలుగోది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. దాటాక ఎటు పోతుంది, లోపలి ప్రాంతాల్లో ఏం జరగబోతుంది అన్నది అందులో ఉంటుంది. దాని రంగు ఎరుపు. అంటే మెట్ట మండలాల కోసం రాసిన ఉత్తరం అది. ఆ ఉత్తరం మన ఊళ్లో ఎవరైనా చదవగా విన్నారా? రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే బెస్తవాళ్లు పడవ లాగేస్తారు. మనకు ఎగరేసే జెండా ఏది?

మసీదుకు మైకుంది, రామాలయానికి మైకుంది. ఆ ఎర్ర హెచ్చరిక వచ్చిన గంటలో సచివాలయం సిబ్బంది దాన్ని రెండు మైకుల్లోనూ తెలుగులో, ఉర్దూలో చదివించాలి. ఖాజా నాయబ్ రసూల్ దర్గాలో నిద్ర చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో వాళ్లకేం తెలుసు? వాళ్లకు చెప్పే బాధ్యత లాడ్జీలవాళ్లు, ఆటోవాళ్లు కూడా పంచుకోవాలి.

గ్రామసభలో మనం గట్టిగా అడగాల్సింది ఇంకొకటుంది. ప్రతి చప్టా దగ్గర లోతు గుర్తులు వేసిన రాయి, అడ్డంగా ఒక గొలుసు. అడుగు లోతు పారే నీళ్లు కారును తేలగొట్టగలవు, రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. 2016 డిసెంబరులో అండమాన్‌లోని హావెలాక్, నీల్ దీవుల్లో వందలమంది పర్యాటకులు చిక్కుకున్నారు. సముద్రం బాగాలేదని పడవలు ఆపేశారు, చివరికి నౌకాదళం వెళ్లి తెచ్చింది. పడవ ఆపడం అక్కడ మామూలు సంగతి. మన చప్టా దగ్గర బండి ఆపితే మాత్రం అవతలి గట్టున నిలబడి "రా రా, ఏం కాదు" అని చెయ్యి ఊపేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. గొలుసు ఆ చెయ్యి కోసం.

కంప కొట్టించడం, పూడిక తీయించడం ఉపాధి హామీ పనుల్లో పెట్టమని సాగునీటి సంఘం తీర్మానం చేయాలి. దసరా లోపల పని అయిపోవాలి, తరవాత చేస్తే చేసినట్టు కాదు. ఒక మాట మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి, కట్ట మీది చెట్లను వానల ముందు వేళ్లతో పెకలించొద్దు. ఆ గుంతల్లోంచే నీళ్లు దారి వెతుక్కుంటాయి. మొదలుకు నరికితే చాలు.

తీర్మానాలు, బిల్లులు వాటి దారిన అవి వస్తాయి. మనం మాత్రం వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు చెరువు కలుజు దగ్గర కలుద్దాం. పార ఉన్నవాళ్లు పార, మచ్చుకత్తి ఉన్నవాళ్లు మచ్చుకత్తి, ఏమీ లేనివాళ్లు ఇంట్లో పడున్న ఖాళీ గోతాలు నాలుగు తెచ్చుకోండి. ఇసుక ట్రాక్టరు, టీ మా పూచీ.

ఇట్లు,
చెరువు కింది రైతులు