యాభైలో పన్నెండోది

కంప్యూటర్ ఫైలు నుంచి ఇంక్‌జెట్‌లో తీసిన అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ. కింద పెన్సిల్‌తో 12/50. లిమిటెడ్ ఎడిషనట! యాభై దగ్గరే ఎందుకాగింది? స్టూడియోవాళ్ళు ఆపారు కాబట్టి, అంతే. కాపీకి ఖర్చెంతో సాఫ్ట్‌వేర్ వాడికి చెప్పాలా?

ఈ అంకెకి వేరే కారణం ఉండేది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో, హేటర్ స్టూడియో అటెలియర్ 17లో, ఇంకుల్లో అవిసె నూనె ఒకదాన్లో ఎక్కువ, ఒకదాన్లో తక్కువ కలిపి, మెత్తటి రోలరూ గట్టి రోలరూ నడిపి, ఒకే ప్లేటు మీద నుంచి రంగులన్నీ ఒక్కసారే అచ్చు తీసేవారు. ప్రతి కాపీకీ మళ్ళీ మొదట్నుంచీ ఇంకు పట్టించాల్సిందే. ప్లేటు అరిగిపోతుంది, చేతులు పడిపోతాయి. ఎడిషన్ అక్కడ ఆగేది.

ఇప్పుడు 'కొలాబరేషన్' అంటున్నారు. సరే, అచ్చు తీసిన మనిషి ఏడీ? అమెరికాలో 1960లో మొదలైన టామరిండ్ లితో స్టూడియోలో ప్రింటర్ కూడా కాగితం మీద తన ముద్ర కొడతాడు. మీరదీ చెయ్యరు. అలాంటప్పుడు దాన్ని పోస్టరనండి. నేనూ కొంటాను, పోస్టర్ ధరకి.