ఒంటిపూట బడిలో పెద్దలకు చోటివ్వండి

హోలీ దాటి ఉగాది వచ్చేలోపు మా ఉప్పునుంతల దిక్కు చింతకాయ పండుతుంది. కొమ్మ ఊపితే పెంకు లోపల గలగలమంటే ఇక దులపొచ్చు. మా ఊరి ముసలివాళ్లకు ఏడాదిలో ఒంటికి హాయిగా ఉండే రోజులు అవే. వానాకాలం జారి పడతామని గడప దాటరు. చలికాలం మోకాళ్లు పట్టేస్తాయి. ఏప్రిల్ సగమయ్యేసరికి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నడుమ దొరికే ఈ కొద్ది రోజులను పెద్దల కోసం ఊరు ఎట్లా వాడుకోవాలన్నదే నా బాధ.

ఈ మండలంలోనే పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెద్దల ఆరోగ్యం గురించి పేపర్లలో వచ్చేవన్నీ శ్రద్ధగా చదువుతాను. పొద్దున్నే పార్కులో నడవండి, క్లబ్బులో చేరండి అంటారు. పట్నంలో కుదురుతుందేమో. బతుకంతా చేన్లో నడిచిన మనిషి డెబ్బై ఏళ్లప్పుడు ఊరికే నడవమంటే నడవదు. మా పెద్దత్తను డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. “పని లేక తిరుగుతుందంటరు బిడ్డా” అని ఆమె మంచం దిగలేదు. అదే చింతచెట్టు దులుపుతున్నారని తెలియగానే గంప చంకన పెట్టుకుని అందరికంటే ముందు చెట్టు కిందికి చేరింది.

ఆమె చింతపండు కొట్టడం చూడాలి. ముందు వేళ్లకు ఆముదం రాసుకుంటుంది. లేకుంటే పులుపు తగిలి చేతి పగుళ్లు మండుతాయి. పెంకు ఒలిచి, బొటనవేలితో నార ఒక్క లాగున లాగేస్తుంది. పండును రాతి మీద పెట్టి ఇనుప కడ్డీతో చిన్న దెబ్బ వేస్తే గింజ టప్పున ఎగిరి పక్కన పడుతుంది, పండు చితకదు. ఏ చెట్టు కాయ తియ్యన, ఏది పప్పుచారుకు పనికొస్తుంది, ఏది ఉప్పు వేసి తొక్కి కుండలో పెడితే ఏడాదైనా చెడదు, అన్నీ చెబుతూనే ఉంటుంది. చుట్టూ నలుగురు కూర్చుంటే ఆ మాటలకు అంతుండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది: 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలి, పడిపోకుండా నిలకడనిచ్చే కసరత్తు మూడు రోజులైనా చేయాలి. కాయలు ఏరుతూ వంగి లేవడం, గంపెత్తుకుని నాలుగడుగులు వేయడం ఆ లెక్కలోకే వస్తాయి. జపాన్‌లో 1928లో రేడియో కసరత్తు మొదలైంది. ఇప్పటికీ పొద్దున ఆరున్నరకు పార్కుల్లో వృద్ధులు గుంపుగా నిలబడి దాన్ని చేస్తారు. నలుగురితో కలిసి చేసేదైతే పెద్దవాళ్లు మానరు. మా దగ్గర ఆ నలుగురిని కలిపేది చింతపండు.

ఆ కలయికే ఇప్పుడు కరువైపోతోంది. చాలా ఊళ్లలో పంచాయతీ చెట్ల కాయ వేలంలో కాంట్రాక్టరుకు పోతుంది. లారీ వస్తుంది, పెంకుతో సహా ఎత్తుకుపోతుంది. ఇంకొన్ని చెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. కొడుకులు, కోడళ్లు పని కోసం హైదరాబాదుకో ఇంకా దూరమో వలసపోయారు. ఇంట్లో మిగిలేది మనవళ్లు, ముసలివాళ్లు. పింఛను వస్తుంది, కాదనను. ఆసరా కింద 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయిన ఆ డబ్బుతో మందులు, ఉప్పుపప్పులు గడుస్తాయి. మాట్లాడే మనిషిని అది తెచ్చివ్వదు. మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉడికిపోయే ముసలమ్మ మా వీధిలోనే ఉంది.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. మార్చి నడిమి నుంచి బడులు ఒంటిపూట అవుతాయి. పన్నెండున్నరకు పిల్లలు వెళ్లిపోతారు. సరిగ్గా ఎండ ముదిరే వేళకు ఫ్యాన్లున్న గదులు, నీళ్ల కుళాయి, నీడ ఉన్న వరండా తాళం వేసుకుని ఖాళీగా ఉంటాయి. వాటిని సాయంత్రం ఐదు వరకు పెద్దలకు తెరిచి ఉంచండి. ఎండెక్కకముందే వచ్చి వేపచెట్టు కింద కూర్చుంటారు, బడి వదిలాక లోపలికి వస్తారు. సద్ది వాళ్లే తెచ్చుకుంటారు. ఊరి చింతకాయలో ఒక వాటా వేలానికి పోకుండా ఆపి, గ్రామైక్య సంఘం చేతిలో పెట్టి, కొట్టినదానికి కిలో లెక్కన కూలి ఇవ్వండి. కాళ్లు కదలని వాళ్లు గింజలు ఏరినా చాలు. ఆ గింజలు కూడా వృథా కావు, వాటి పిండి గంజిగా బట్టల మిల్లులకు పోతుంది.

పిల్లలనూ అక్కడే ఉండనివ్వండి. అవే చింతగింజలతో వామనగుంటలు ఆడించడం ఏ అవ్వకైనా వస్తుంది. శ్రీరామనవమికి చిరుతలు పట్టుకుని అడుగు తప్పకుండా భజన చేసే తాతలు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు, నేర్చుకునే చేతులే లేవు. పన్నెండు మెట్ల కిన్నెర మోగించే దర్శనం మొగులయ్య మా జిల్లా మనిషే, లింగాల మండలం అవుసలకుంట ఆయన ఊరు. 2022లో పద్మశ్రీ వచ్చాక ఇంకా చాలామందికి ఆ వాయిద్యం పేరు తెలిసింది. పక్క బల్మూరు మండలం జింకుంటలో 1928లో పుట్టిన కపిలవాయి లింగమూర్తి ఊరూరా తిరిగి స్థలచరిత్రలు పోగుచేశారు. ఆయనలా అడిగి రాసుకునేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? బడిపిల్లలు ఒక నోట్‌బుక్ పట్టుకుని పెద్దల పక్కన కూర్చుంటే అదే మొదలవుతుంది.

వారానికోసారి ప్రయాణం కూడా పెట్టుకోవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి, కొడుకును పైసలు అడగకుండా అవ్వలు అచ్చంపేట దాకా వెళ్లి వస్తున్నారు. అక్కడి నుంచి రంగాపురం ఉమామహేశ్వరం దగ్గరే. కొండపైకి రోడ్డుంది, రాతి చరియ కింద చల్లగా ఉంటుంది. సలేశ్వరం లోయ దిగడం మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దంటాను, ఎంత భక్తి ఉన్నా సరే. వయసు మీద పడితే దాహం తొందరగా తెలియదు. ఎక్కడికి వెళ్లినా గంటకోసారి చేతికి నీళ్లిచ్చే మనిషి వెంట ఉండాలి.

చింతకాయ వేలం కాయ పండకముందే అయిపోతుంది. సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు ఈ సంగతి సంక్రాంతి నాటికే గ్రామసభలో తేల్చాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, సాయంత్రం గదులు ఎవరు ఊడవాలి అన్నవి కూడా ఆ సభలోనే రాసుకోవాలి.