రొయ్యల గిరాకీ అంచనా రైతుకూ అందాలి

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,
వాణిజ్య భవన్, న్యూఢిల్లీ.

అయ్యా,

2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. ఆ విలువలో మూడింట రెండు వంతులకు పైగా రొయ్యలదే. వాటి సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అప్పుడు మన పోటీదారు ఈక్వడార్‌పై ఉన్నది 15 శాతమే. ఆ తేడా భారం భీమవరం చెరువు గట్టు దాకా వచ్చింది. సీడ్ (రొయ్య పిల్లలు) వేశాక పట్టుబడికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా మార్కెట్ తిరగబడితే రైతుకు దారి ఉండదు.

ధర పెరిగితే అమెరికా ఎంత కొనుగోలు తగ్గిస్తుంది? ఆ ఖాళీని ఈక్వడార్ నింపుతుందా, వియత్నాం, ఇండోనేషియా నింపుతాయా? జపాన్, చైనా, ఐరోపా ఏ కౌంట్ (కిలోకు తూగే సంఖ్య) రొయ్యను ఎంత అడుగుతాయి? దిగుమతి దేశాల కస్టమ్స్ గణాంకాలతో వీటిని అంచనా వేయవచ్చు.

మీ శాఖ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) కలిసి ప్రతి పంటకు ముందు దేశాలవారీగా, కౌంట్లవారీగా ఆ అంచనాను తెలుగులో ప్రకటించాలి. తప్పిన అంచనాలనూ దాచకుండా చెప్పాలి. వాణిజ్య ఒప్పందాల చర్చల్లో మీకు అవసరమైన లెక్క, సీడ్ వేసే ముందు రైతుకూ అంతే అవసరం.

భవదీయుడు,
గోదావరి జిల్లాల ఆక్వా రైతు కుటుంబీకుడు,
నోయిడా