మొదటి గంట లెక్క ఆసుపత్రి చెప్పాలి

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది నూటికి 37 మంది పిల్లలకే. రెండు అంకెలూ 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోవే. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మనం ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న కథ నిలబడదు. ముర్రుపాలు పిండి పారబోయించే అమ్మమ్మలు, తేనె నాకించే నాయనమ్మలు, ఏమీ తెలియని తల్లులు అంటూ తప్పంతా ఇంటి ఆడవాళ్ల మీదే వేస్తూ వచ్చాం. ఏటా ఆగస్టు మొదటి వారంలో కట్టే తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు పాఠం చెప్పేదీ వాళ్లకే. కానీ ఆ మొదటి గంటలో బిడ్డ ఉన్నది ఇంట్లో కాదు, ఆసుపత్రిలో. దేశం మొత్తం మీద చూసినా నాలుగో సర్వే నుంచి ఐదో సర్వేకి ఆసుపత్రి కాన్పులు నూటికి 79 నుంచి 89కి పెరిగాయి. గంటలోపు పాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 42 దగ్గరే ఆగిపోయారు.

గంట ఆలస్యమైతే ఏం మునిగిపోయింది అనుకోవచ్చు. ఘనా, భారత్, టాంజానియాలలో దాదాపు లక్ష మంది పసిపిల్లల వివరాలు చూసి 2016లో వెలువరించిన ఒక అధ్యయనం దీనికి జవాబిచ్చింది. మొదటి గంటలోనే పాలు పట్టిన పిల్లలతో పోలిస్తే, ఆ తర్వాత మొదటి రోజులోపు ఎప్పుడో మొదలుపెట్టిన పిల్లల్లో తొలి నెల మరణాల ముప్పు 41 శాతం ఎక్కువగా కనిపించింది. ముర్రుపాలు చెంచాడే వస్తాయి. బిడ్డ పొట్టకి మొదటి రోజు ఒక్కోసారికి పట్టేదీ అంతే. అంటురోగాలను ఆపే పదార్థాలు, విటమిన్ ఎ ఆ చెంచాలోనే చిక్కగా ఉంటాయి.

సిజేరియన్లు ఎక్కువ కాబట్టే ఇలా ఉందని ఆసుపత్రులు అంటాయి. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతతోనే అయిన మాట నిజం. ప్రైవేటులో అయితే నూటికి 80 దాటాయి. అదే కారణమైతే తమిళనాడు మాటేమిటి? అక్కడ సిజేరియన్లు దాదాపు 45 శాతం, గంటలోపు పాలు తాగిన పిల్లలు దాదాపు 60 శాతం. సిజేరియన్లు 14 శాతమైనా లేని ఉత్తరప్రదేశ్‌లో గంటలోపు పాలు అందినది నాలుగోవంతు పిల్లలకే. అంటే కోత ఒక్కటే అడ్డంకి కాదు, కోత తర్వాత ఏం చేస్తున్నామన్నదే అసలు సంగతి. ఇప్పుడు చాలా సిజేరియన్లు వెన్నుకి మత్తు సూది ఇచ్చి చేసేవే, తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డను ఆపరేషన్ బల్ల మీదే ఆమె గుండెల మీద పడుకోబెట్టవచ్చు, కుట్లు వేస్తుండగానే పాలు పట్టవచ్చు. అందుకు కావలసింది పక్కన నిలబడి పట్టుకునే ఒక నర్సు. ఆ మనిషి లేకనే బిడ్డ తుడిపించుకుని, తూకం వేయించుకుని, బంధువులకు ముఖం చూపించుకుని తిరిగొచ్చేసరికి గంటలు గడిచిపోతాయి.

ఈలోగా బిడ్డ ఏడుస్తుంది. ‘పాలు పడలేదు’ అని ఎవరో తేల్చేస్తారు, డబ్బా పాలు వచ్చేస్తాయి. పాలు నిండుగా దిగేది రెండో రోజుకో నాలుగో రోజుకో అని, బిడ్డ చీకుతుంటేనే దిగుతాయని ఆ తల్లికి ఎవరూ చెప్పరు. డబ్బా పాలతో పొట్ట నిండిన బిడ్డ చీకదు, చీకకపోతే పాలు పెరగవు. మొదట తొందరపడి అన్న మాట మూడో రోజుకి నిజమై కూర్చుంటుంది. ఆసుపత్రుల్లో డబ్బా పాల ప్రచారాన్ని, ఉచిత నమూనాలను 1992 చట్టం నిషేధించింది, 2003 సవరణ ఇంకా బిగించింది. ఎవరూ ప్రచారం చేయకపోయినా పాలు పట్టించే మనిషి లేనిచోట డబ్బా దానంతట అదే చేరుతుంది.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రక్తంలో చక్కెర పడిపోయినవాళ్లకు, తల్లి ఐసీయూలో ఉన్నవాళ్లకు వేరే ఏర్పాటు తప్పదు, నిజమే. తల్లి పిండి ఇచ్చిన పాలు, లేదంటే హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ఉన్నటువంటి తల్లిపాల బ్యాంకు పాలు, అవీ లేకపోతే డబ్బా పాలు. వాటిని ఎందుకు ఇస్తున్నారో డాక్టర్ కేసు షీటులో రాయాలి, అంతే. దీనికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. తల్లిపాల గురించి ఇంత గోల చేస్తే, ఇవ్వలేకపోయిన తల్లి తానే తప్పు చేశానని కుమిలిపోదా? కుమిలిపోతుంది, ఇప్పటికే కుమిలిపోతోంది. అందుకే తల్లిని లెక్క అడగడం మాని ఆసుపత్రిని అడగమంటున్నాను.

ఇంటిదీ తప్పు లేకపోలేదు. అది మొదటి గంటలో కన్నా తర్వాతి నెలల్లో, బాలింత కంచంలో కనిపిస్తుంది. పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలు రోజుకి మామూలు కన్నా 600 కేలరీలు ఎక్కువ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పథ్యం పేరుతో మనం పెట్టేది తెల్లన్నం, కారప్పొడి, వెల్లుల్లి. పప్పు వాతమని, పెరుగు చలవని, కూరలు బిడ్డకు పడవని, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని అన్నీ కోసేస్తాం. పాలు మాత్రం అంత తేలిగ్గా తగ్గవు, తల్లి ఒంట్లోది తోడుకుని దిగుతూనే ఉంటాయి. అరిగిపోయేది ఆమె. అలాగని బిడ్డ పూర్తిగా తప్పించుకోదు, తల్లి తిండిలో కొన్ని విటమిన్లు తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. 20వ శతాబ్దం తొలి సగంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేది. పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికే తల్లుల పాలలో థయమిన్ చాలక పసిపిల్లలు చనిపోయేవారు. వాళ్ల కంచానికీ ఇప్పటి పథ్యం కంచానికీ తేడా ఎంత? అంగన్వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గుడ్డు, పాలతో పెట్టే భోజనం పథ్యం కన్నా ఎన్నో రెట్లు నయం. కానీ డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లే తప్ప ‘అన్నీ తినండి’ అన్న ఒక్క వాక్యం ఉండదు. అదే మాట డాక్టర్ అత్తగారి ఎదుట అంటే ఇంట్లో సగం వాదన అక్కడే తీరిపోతుంది.

సిబ్బంది చాలరన్నది ఆసుపత్రుల చివరి జవాబు. ప్రభుత్వ ఆసుపత్రుల విషయంలో అది సాకు కాదు, నిజం. మిడ్‌వైఫ్‌ల శిక్షణను పెంచవలసింది అందుకే. ప్రైవేటు ఆసుపత్రికి ఆ మినహాయింపు ఇవ్వలేం, సిజేరియన్ బిల్లులో ఒక నర్సు గంట జీతం ఎంత? ప్రతి ఆసుపత్రీ తన దగ్గర పుట్టిన పిల్లల్లో ఎందరికి గంటలోపు తల్లిపాలు పట్టించిందో, ఎందరికి ఏ కారణంతో డబ్బా పాలు ఇచ్చిందో ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలని ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా, కాన్పుకి ఆసుపత్రి వెతికేవాళ్లు గది అద్దె కన్నా ముందు ఈ రెండు లెక్కలూ అడగండి.