కలరాకు రెండు మార్కుల జవాబు చాలదు

"కలరా ఎందుకు వస్తుంది?" అని పరీక్షలో అడిగితే మనమందరం ఒకటే రాస్తాం. కలుషితమైన నీరు, అపరిశుభ్రత, చేతులు కడుక్కోకపోవడం. రెండు మార్కులు పడతాయి. ఆ జవాబు తప్పని నేను అనను, సగమే అంటాను. ఆ నీటిని కలుషితం చేసింది ఎవరు, ఆ ఊళ్లో మంచినీళ్లు ఎందుకు లేవు అని మనం అడగం. అడగకపోతే తప్పంతా జబ్బుపడ్డవాళ్ల మీదే పడుతుంది.

హైతీ సంగతి చూడండి. కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దేశం. 2010 జనవరి 12న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కలరా మొదలైంది. జనం గుడారాల్లో పడి ఉన్నారు కాబట్టి వచ్చిందిలే అనుకున్నారు చాలామంది. కానీ మొదలైంది రాజధాని గుడారాల్లో కాదు. దూరంగా, మిర్‌బలే పట్టణం దగ్గర ఒక వాగు పక్కన. ఆ వాగు ఒడ్డునే ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం ఉంది. నేపాల్ నుంచి కొత్తగా వచ్చిన సైనికులు అందులో దిగారు. అప్పటికే నేపాల్‌లో కలరా ఉంది. శిబిరంలోని మురుగు ఆ వాగులో కలిసింది, వాగు ఆర్తిబొనీత్ నదిలో కలిసింది. జనం ఆ నది నీళ్లే తాగుతారు, ఆ నీళ్లతోనే వరి పండిస్తారు. అంతకుముందు వందేళ్లలో హైతీలో కలరా వచ్చిన దాఖలా లేదు. ఈసారి 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. దాదాపు 10 వేల మంది చనిపోయారు.

రెనో పియారూ అనే ఫ్రెంచి వైద్య శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, ఏ ఊళ్లో ఎప్పుడు మొదలైందో ఆరా తీసి ఇదంతా బయటపెట్టాడు. తర్వాత సూక్ష్మజీవి జన్యువులను పోల్చి చూస్తే నేపాల్‌లో దొరికినదానితో సరిపోయాయి.

సైనికులను తిట్టడానికి నేను ఇది రాయడం లేదు. తమ ఒంట్లో ఆ సూక్ష్మజీవి ఉందని వాళ్లకే తెలిసి ఉండకపోవచ్చు. కానీ వాళ్లను పంపిన అంత పెద్ద సంస్థకు ఒక మరుగుదొడ్డి సరిగ్గా కట్టించడం చేతకాలేదా?

మరి నదినీళ్లు తాగడం వాళ్ల తప్పు కాదా అని మా తరగతిలో ఒకరు అడిగారు. కుళాయి ఉంటే ఎవరైనా నదినీళ్లు తాగుతారా? హైతీ ప్రజలు బానిసత్వాన్ని తెంచుకుని 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలతో వచ్చి, మా ఆస్తులు పోయాయి, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది. ఆ ఆస్తుల్లో ఆ మనుషులు కూడా లెక్కే! బానిసలే యజమానులకు నష్టపరిహారం కట్టాలట. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు గానీ, దానికోసం చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. పైపులకూ బడులకూ పోవాల్సిన డబ్బు అలా పోయింది. 1998లో మంచినీటి పనుల కోసం ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 5 కోట్ల 40 లక్షల డాలర్ల అప్పు మంజూరు చేస్తే, హైతీ ప్రభుత్వం మీద కోపంతో అమెరికా దాన్ని ఏళ్ల తరబడి అడ్డుకుంది.

ఈ నింద మనకూ కొత్త కాదు. 19వ శతాబ్దంలో యూరపువాళ్లు దీనికి "ఆసియాటిక్ కలరా" అని పేరు పెట్టి, మన యాత్రికులనూ మన తీర్థాలనూ తిట్టారు. అప్పుడు మన దేశాన్ని ఏలుతున్నది ఎవరో మాత్రం మరిచిపోయారు.

బాధితులు 5 వేల మంది నష్టపరిహారం అడిగితే, మీ అర్జీలు స్వీకరించలేం అని ఐక్యరాజ్యసమితి 2013లో తేల్చేసింది. న్యూయార్కు కోర్టుకు వెళ్తే, ఆ సంస్థ మీద దావా చెల్లదన్నారు. చివరికి 2016 డిసెంబరు 1న బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. చేయాల్సినంత చేయలేదు అన్నారే గాని, జబ్బు తెచ్చింది మేమే అనలేదు. 40 కోట్ల డాలర్లు పోగుచేస్తామన్నారు. వచ్చింది అందులో కొద్ది భాగమే. అది కూడా ఊరి పనులకే గాని, మనుషులను పోగొట్టుకున్న ఇళ్లకు నేరుగా ఇచ్చింది లేదు.