కఫం రంగు చూసి మందు రాయకండి

గొంతులో గొట్టం ఉన్న పిల్లకి మాటిమాటికీ నెమ్ము చేస్తుంటే మన కృష్ణా డెల్టాలో రెండు తీర్పులు వినిపిస్తాయి. ఇంట్లో శుభ్రం లేదు, తల్లి సరిగ్గా చూసుకోవడం లేదన్నది ఒకటి. ఈసారి ఇంకాస్త పెద్ద యాంటీబయాటిక్ పడాలన్నది రెండోది. మొదటిది చుట్టాల నోటా, ఇరుగుపొరుగు నోటా వస్తుంది. రెండోది ఆర్ఎంపీ దగ్గర మొదలై ఒక్కోసారి స్పెషలిస్టు దాకా పోతుంది. రెండూ తప్పే. ఈ రెండు మాటల మధ్య పిల్లకి నిజంగా అందాల్సిన సాయం అందకుండా పోతోంది.

ట్రాకియాస్టమీ అంటే మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టడం. నెలలు నిండక పుట్టి చాలాకాలం వెంటిలేటర్ మీద ఉన్న పిల్లల్లో శ్వాసనాళం ఇరుకైపోతే పెడతారు. నరాల జబ్బుతోనో కండరాల జబ్బుతోనో దగ్గే బలం లేని పిల్లలకీ పెడతారు. ఫ్రాన్సులో బ్రెటనో అనే వైద్యుడు 1825లో కంఠసర్పి వచ్చిన ఒక చిన్నారిని ఈ ఆపరేషన్‌తో బతికించాడు. ఆ రోజుల్లో గొట్టం పని గండం గడిచేదాకానే. ఇవాళ పిల్లలు దానితో ఏళ్ళ తరబడి పెరుగుతున్నారు. మన ఆలోచన మాత్రం ఇంకా ఈ పూట గండం గట్టెక్కించడం దగ్గరే ఉంది.

ఏళ్ళ తరబడి ఉండే గొట్టంలో సూక్ష్మజీవులు చేరకుండా ఉండవు. సూడోమొనాస్, స్టెఫైలోకాకస్ లాంటివి లోపలి గోడకు జిగురు పొరగా పట్టేస్తాయి. శుభ్రంగా అన్నం తిని ఆడుకుంటున్న పిల్ల కఫం తీసి ల్యాబ్‌కి పంపినా ఏదో ఒక సూక్ష్మజీవి పేరు వస్తుంది. ఆ పేరు కింద అది ఏ మందుకు లొంగుతుందో పట్టిక ఉంటుంది. అలాంటి కాగితం చేతికొచ్చాక మందు రాయకుండా ఊరుకోవడం చాలా కష్టం. కానీ ఆ కాగితం చెప్పేది సూక్ష్మజీవి అక్కడ ఉందని మాత్రమే, ఊపిరితిత్తుల్లో దిగి జబ్బు చేసిందని కాదు. ఆ సంగతి పిల్ల ఒళ్ళే చెప్పాలి. జ్వరం ఉందా? డొక్కలెగరేస్తోందా? ఆక్సిజన్ రోజూ ఉండేదానికంటే పడిపోయిందా? గంటకోసారి తీసే కఫం ఇప్పుడు పది నిమిషాలకోసారి తీయాల్సి వస్తోందా? తిండి మానేసి సోలిపోతోందా? ఇవి కనపడితే ఒక్క పూట కూడా ఆగకూడదు. అప్పుడు యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది, ఇంజక్షన్లే పడాల్సి రావచ్చు. పిల్ల హుషారుగా ఉండి కఫం మాత్రం పచ్చబడితే అది వేరు. వైరస్‌తో రొంప పట్టినా రంగు మారుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. గొట్టంలో తేమ చాలక కఫం ఎండి చిక్కబడినా రంగు మారుతుంది. దానికి కావాల్సింది తేమ.

పైగా రాసే మందు ఏమిటి? పిల్లల జ్వరానికి సులువుగా చేతికందేవాటిలో సెఫిక్సిమ్ సిరప్ ఒకటి. సూడోమొనాస్ మీద దాని ప్రభావం లేదు. లొంగే సూక్ష్మజీవులను చంపి, లొంగని దానికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. 2014 మార్చి నుంచి ఇది షెడ్యూల్ హెచ్1లో ఉంది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాసుకోవాలి. ఇలా సీసా మీద సీసా వాడుతూ పోతే చివరికి కొలిస్టిన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. అది కిడ్నీలకు చేటు చేయగల మందు, దాని తర్వాత చేతిలో ఉండేవి బహు కొద్ది. పశువులకు, కోళ్ళకు, చేపల, రొయ్యల చెరువులకు దాన్ని వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది కూడా అందుకే. చెరువుల మధ్య బతికే మనం ఆ నిషేధం విలువ అందరికంటే ముందు తెలుసుకోవాలి. చెరువులో వద్దన్న జాగ్రత్తని పిల్ల విషయంలో గాలికొదిలేయడం ఏం న్యాయం?

డాక్టర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నాగాయలంక అవతలి నుంచి వచ్చిన పిల్లని మందు రాయకుండా పంపిస్తే, రాత్రికి ఆయాసం ఎక్కువైతే ఎవరు చూస్తారు? అవనిగడ్డ నుంచి విజయవాడ 60 కిలోమీటర్ల పైమాటే. ఎదురుమొండి లంకల వాళ్ళయితే ముందు ఏరు దాటాలి. ఆ భయంతో రాసే చీటీని నేను నేరం అనను. కానీ రేపు పొద్దున ఫోను చేసి అడిగే మనిషి, కిలోమీటర్ల దూరంలో కాకుండా పక్కనే చూసే నర్సు ఉంటే ఆ చీటీల్లో చాలా భాగం అవసరమే ఉండదు. మనిషి లేని లోటుని సీసాతో పూడుస్తున్నాం.

ఇక సముద్రపు గాలి మాట. బందరు గాలి చెమ్మ, అందుకే పిల్లకి నెమ్ము అని పెద్దవాళ్ళు తలుపులు, కిటికీలు బిగిస్తారు. లెక్క చూడండి. ఊపిరితిత్తులకు చేరేసరికి గాలి 37 డిగ్రీల వేడితో, ఘనపు మీటరుకి 44 గ్రాముల నీటి ఆవిరితో ఉండాలి. 30 డిగ్రీల దగ్గర గాలి మోయగలిగిన నీరే 30 గ్రాములు. అంటే ముసురు పట్టిన రోజున కూడా మన గాలి ఈ పిల్లకి పొడిగాలే. మామూలుగా ఆ లోటు ముక్కు పూడుస్తుంది, దుమ్మునీ అదే వడకడుతుంది. గొట్టంతో పీల్చే గాలి ముక్కు మీదుగా పోదు కాబట్టి గొట్టం మూతికి తేమ నిలిపే ఫిల్టరు తగిలించాలి, డాక్టరు చెప్పిన ప్రకారం సెలైన్ నెబ్యులైజర్ పెట్టాలి. కిటికీ మూసి లోపల దోమల కాయిల్ వెలిగించడం, తలస్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేయడం, ఇవి ఆపాలి. ఆ పొగ వడపోత లేకుండా నేరుగా లోపలికి పోతుంది.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. మింగేది ఎటు పోతోంది? నెమ్ము పదే పదే తిరగబెట్టే పిల్లల్లో కొందరికి పాలో, లాలాజలమో, కడుపులోంచి ఎగదన్నిందో కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంటుంది. అలాంటప్పుడు ఎన్ని కోర్సులు వాడినా నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. మింగడాన్ని పరీక్ష చేయించకుండా ఇంకో యాంటీబయాటిక్ రాయడం కారణాన్ని వదిలేయడమే.

తల్లి మీద వేసే నింద దగ్గరికి వస్తాను. ఇల్లు ఆపరేషన్ థియేటరు కానక్కర్లేదు. ఇంట్లో సబ్బుతో చేతులు కడుక్కుని శుభ్రంగా సక్షన్ చేస్తే చాలునని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2000 సంవత్సరంలోనే చెప్పింది. చూడాల్సింది ఆమెకు ఏం నేర్పారన్నది. సక్షన్ పైపు గొట్టం పొడవు మేరకే దించాలనీ, 5 నుంచి 10 సెకన్లలో బయటికి తీయాలనీ, మరీ లోపలికి పోతే శ్వాసనాళం గోడ గాయపడి రక్తం వస్తుందనీ ఎవరైనా చేయి పట్టుకుని చూపించారా? కరెంటు పోతే ఏం చేయాలో చెప్పారా? 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ మనది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను రాత్రి సక్షన్ మిషన్ ఆగిపోతే కఫం అడ్డుపడటానికి ఎంతోసేపు పట్టదు. కాలితో తొక్కి నడిపే సక్షన్ పంపు ఉంటుంది. అది ఉందని కూడా ఆమెకు చెప్పకుండా ఇంటికి పంపితే, తర్వాత జరిగిన దానికి ఆమెని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన ఆలోచనంతా ఆపరేషను, ప్యాకేజీ చుట్టూ తిరుగుతోంది. ఈ పిల్లల బతుకు మాత్రం ఆపరేషను తర్వాత ఇంట్లో గడవాలి. పిల్లని ఇంటికి పంపే ముందు ఇంట్లో ఇద్దరి చేత గొట్టం మార్పించి చూడాలి. ఒక్క తల్లికే నేర్పితే ఆమె జ్వరంతో పడుకున్న రోజు పిల్లకి దిక్కుండదు. అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, కత్తెర, మెడ టేపు ఒక సంచిలో పెట్టి ఇవ్వాలి. పిల్లకి, ఇంట్లో అందరికీ ఏటా ఫ్లూ టీకా వేయాలి. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. విజయవాడ పక్క జిల్లాలోకి వెళ్ళిపోయాక కృష్ణా జిల్లాకు ఇప్పుడు అదే పెద్దదిక్కు. గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రుల నర్సులనీ 108 సిబ్బందినీ అక్కడికి పిలిపించి, బొమ్మ మీద గొట్టం మార్చడం, సక్షన్ చేయడం చేతికి అలవాటయ్యేదాకా నేర్పించాలి. ఆ పనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక గది చాలు.