చెట్టు బంక అయితే చాలా?

"చెట్టు నుండి వచ్చినదే, ఏమీ కాదు" అనే మాటను మేము ఒప్పుకోము. పెళ్లిళ్ల రోజుల్లో చాంద్రాయణగుట్ట పార్లర్లలో చేసే వ్యాక్సింగ్ సంగతే చూడండి. చాలా వ్యాక్సులలో జిగురు కోసం పైన్ చెట్టు బంక నుండి తీసే రోజిన్ కలుపుతారు. అది కొందరికి దురద, పొక్కులు తెస్తుంది. ఆసుపత్రిలో కట్టు అంటుకోవడానికి పూసే టింక్చర్ బెంజాయిన్ సాంబ్రాణి బంకే. అదీ కొందరికి పడదు.

మేలు లేదనము. 2010లో వెలువడిన ఇటలీ వైద్యుల పరిశీలనలో 15 మంది స్త్రీలు బాస్వెలిక్ ఆమ్లాల క్రీమును ముఖానికి ఒకవైపే 30 రోజులు రాసుకున్నారు. ఈ ఆమ్లాలు మన అందుగు జాతి చెట్ల బంకలో ఉంటాయి. ఎండకు పాడైన చర్మం కొంత బాగుపడింది. అయితే పదిహేను మందే కదా!

తల్లులారా, పెళ్లికూతురికి కొత్త క్రీము, వ్యాక్సు ఏదైనా పది రోజుల ముందే మోచేతి మడతలో కొద్దిగా వాడి రెండు రోజులు చూడండి. డబ్బా చూపించని పార్లరుకు పంపకండి.